స్లాబు ఎండదు, తాగుతుంది

బషీర్‌బాగ్ చౌరస్తా వెనక సందులో మా పాత ఇంటి మీద ఒక గది వేయించిన ఏప్రిల్ అది. స్లాబు పోసి నాలుగు రోజులైంది. పైకెక్కి చూస్తే సిమెంటు ముద్దతో చిన్న చిన్న గట్లు పెట్టి, వరిమడుల్లా చేసి, నీళ్ళు నిలబెట్టి ఉన్నారు. ట్యాంకరుకు డబ్బులు కట్టేది నేను. ప్రాణం ఉసూరుమంది. "ఇక చాలు మేస్త్రీ, ఎండనియ్యి" అన్నాను.

పాలమూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఇళ్ళు కడుతున్న ఆ పెద్దాయన చేతిలో పైపు కింద పెట్టలేదు. "ఎండుడేంది సార్? స్లాబు ఎండదు, తాగుతది. తాగినన్ని దినాలే గట్టిపడ్తది" అన్నాడు.

నేను వినలేదు. మర్నాడు ఆయన రాని పూట చూసి మోటారు వేయలేదు. మధ్యాహ్నానికి ఒక మూల మడి ఇంకిపోయింది. సాయంత్రానికి అక్కడ వెంట్రుకల్లాంటి బీటలు. ఆ మూలన ఇప్పటికీ ప్రతి వానాకాలం చెమ్మ మరక తేలుతుంది. తప్పెవరిదో ఇంట్లో అందరికీ తెలుసు.

బట్ట ఎండుతుంది, వడియం ఎండుతుంది, బురద ఎండుతుంది. మూడింట్లోనూ జరిగేది నీళ్ళు బయటికి పోవడమే. సిమెంటులో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడిన పని. సిమెంటు రేణువుల్లోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి కొత్త పదార్థంగా మారతాయి. సన్నని నూగులాంటి ఆ పదార్థం ఇసుకనూ కంకరనూ అల్లుకుపోయి పట్టేస్తుంది. అంటే నీళ్ళు ఎగిరిపోవు, రాయిలో భాగమైపోతాయి. నీళ్ళు అయిపోయిన చోట ఆ మార్పు కూడా సగంలోనే ఆగిపోతుంది. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటుకు కనీసం 7 రోజులు, ఎండ మండే చోట 10 రోజులు తడి ఆరకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. 7 రోజులకు దాదాపు మూడింట రెండు వంతుల బలం వస్తుంది, లెక్కకు తీసుకునే బలం 28వ రోజుది. సిమెంటు బస్తా మీద అచ్చేసే 53 అనే అంకె కూడా ఆ 28వ రోజుదే. ఆ సిమెంటుతో పోసిన చిన్న దిమ్మ, చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్ల ఒత్తిడికి తట్టుకోవాలని దాని అర్థం. ఇంజినీర్లు దీన్ని క్యూరింగ్ అంటారు. మా మేస్త్రీ "తాగుతది" అన్నాడు. రసాయన శాస్త్రానికి దగ్గరగా ఉన్నది ఆయన మాటే.

పనిచోట మాటల్ని చెవిపెట్టి వినడం అప్పటి నుంచి అలవాటైంది.

అసలు ఆ మనిషిని ఏమని పిలవాలన్న దగ్గరే తెలుగునేల మూడుగా చీలుతుంది. కోస్తాలో తాపీ మేస్త్రీ. రాయలసీమలో బేల్దారి. తెలంగాణలో సుతారి. ముగ్గురూ కట్టేది ఒకే గోడ, కానీ ఒక్కొక్క పేరు ఒక్కొక్క పనిముట్టును పట్టుకుంది. ఫారసీలో బేల్ అంటే పార, బేల్దారు పార పట్టినవాడు. హిందుస్తానీలో థాపీ అంటే తట్టే చెక్క. సిమెంటు లేని రోజుల్లో మిద్దె మీదా నేల మీదా సున్నపు గచ్చు పరిచి, అది బిగిసేదాకా రోజుల తరబడి చెక్కలతో తట్టేవాళ్ళు. ఆ తట్టుడు పోయింది, చెక్కా పోయింది, పేరు మాత్రం ఇనుప రేకు వేసిన చేతి పనిముట్టుకు బదిలీ అయింది. తాపీ ధర్మారావు గారి ఇంటిపేరులో ఉన్న మాటా ఇదే. తాపీకీ తాపీగా చేయడానికీ చుట్టరికం ఉందో లేదో గానీ, ఇల్లు కట్టించే ప్రతివాడికీ ఉందనే అనుమానం.

సుతారి మాత్రం దారం పట్టినవాడు. సూత్రధారి అన్న సంస్కృతపు మాట అరిగి అలా మిగిలింది. మరాఠీ, హిందీల్లో సుతార్ అంటే వడ్రంగి, మన తెలంగాణకు వచ్చేసరికి గోడ కట్టేవాడయ్యాడు. ఇద్దరికీ ఉమ్మడి సొత్తు దారమే కాబట్టి ఇందులో వింత లేదు. ఇక మేస్త్రీ అన్న మాట మూడు ప్రాంతాల్లోనూ ఉంది. అది ఓడెక్కి వచ్చింది. పోర్చుగీసు మెస్త్రె, అంటే గురువు, పనిలో ఆరితేరినవాడు.

ఆ దారం చేసే పనులు చూడండి. చివర ఇనుప గుండు కట్టి వేలాడదీస్తే అది తూకంగుండు. భూమి ఎటు లాగుతుందో అటే నిలుస్తుంది, గోడ నిలువు అదే చెబుతుంది. అడ్డంగా బిగించి లాగితే వరస. నేల మీద మూల తిప్పాలంటే దారం మీద 3 అడుగులు ఒక పక్క, 4 అడుగులు ఇంకో పక్క గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా జరుపుతారు. వచ్చిందంటే మూల లంబకోణమే. మూలమట్టం అనే ఇనుప బద్ద చేతిలో పట్టేంత ఉంటుంది. 30 అడుగుల గోడ దాకా వెళ్ళేసరికి దాని చిన్న తప్పు పెద్దదవుతుంది, అందుకే పునాది వేసేటప్పుడు దాన్ని నమ్మరు. వేదకాలపు యజ్ఞవేదికల కొలతలు చెప్పే గ్రంథాలకు శుల్బసూత్రాలని పేరు. శుల్బం అన్నా తాడే. ప్రవర చెప్పుకునే మన ఇళ్ళల్లో వినబడే ఆపస్తంబుడి పేరు మీద కూడా ఒక శుల్బసూత్రం ఉంది. దారం లాగి మూల తిప్పే లెక్క వాటిలో ఉంది. మా మేస్త్రీ వాటిని చదవలేదు, చదవాల్సిన అవసరమూ ఆయనకు రాలేదు.

మట్టం చూడడానికి ఆయన దగ్గర ఇంకో వస్తువుండేది. పారదర్శకమైన సన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో నీళ్ళు. ఒక కొస ఈ స్తంభం దగ్గర, ఇంకో కొస ఆ స్తంభం దగ్గర. మధ్యలో గొట్టం ఎన్ని వంకలు తిరిగినా రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. కుర్రాడొకడు గొట్టం తెచ్చి పట్టుకోగానే, పెద్దాయన ముందు దాన్ని ఎండకేసి ఎత్తి, పొడుగునా చూపుడువేలితో టపటపా కొట్టుకుంటూ పోయాడు. గాలి బుడగ కోసం. మధ్యలో ఒక్క బుడగ ఇరుక్కున్నా రెండు కొసలూ అబద్ధం చెబుతాయి. మూడు బుడగలు పైకి తేలి పోయాకే మొదటి గీత గీశాడు.

పార, గుండు, దారం సరే. మరి పునాది? ఇంతకంటే అచ్చ తెలుగు మాట ఉండదనుకుంటాం. అది ఫారసీ బున్యాద్. తెలంగాణ పల్లెల్లో బునాది అన్నప్పుడు ఆ బకారం ఇంకా వినిపిస్తుంది. గచ్చు కూడా అటునుంచి వచ్చిందే, ఫారసీ గచ్ అంటే గోడకు పూసే పూత. గోడ మీద పూతను తెలంగాణలో గిలాబు అంటారు. గిల్ అంటే మట్టి, ఆబ్ అంటే నీళ్ళు, వెరసి బురదనీళ్ళు. ఇప్పుడు ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళో ఆరు పాళ్ళో ఇసుక కలిపి చేస్తున్నా పేరు బురదనీళ్ళే. కమాను అంటే విల్లు. మాలు కలపరా అని మేస్త్రీ అరిస్తే సిమెంటూ ఇసుకా కలపమని. ఒక్క గోడ లేచేలోపు ఇన్ని భాషలు దాని మీదుగా నడిచి పోతాయి.

బషీర్‌బాగ్ అన్న పేరే అలాంటి మిగులు. పాయెగా వంశపు ఆస్మాన్ జా, 1887 నుంచి 1894 దాకా నిజాం దగ్గర ప్రధానిగా ఉన్నాయన, బషీరుద్దౌలా అన్న బిరుదున్నవాడు. ఆయన ఇక్కడ తోటలో మహలు కట్టించాడు. రాజా దీన్ దయాళ్ తీసిన ఫొటోల్లో ఆ మహలును చూడొచ్చు. ఇప్పుడు మహలూ లేదు, తోటా లేదు. ఫ్లైఓవరు కింద బస్సు ఆపి కండక్టరు అరిచే మాట మిగిలింది.

చౌరస్తా నుంచి ఆబిడ్స్ వైపు నడిస్తే గన్‌ఫౌండ్రీ. అసలు పేరు తోప్ కా సాంచా. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. సాంచా అంటే అచ్చు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు, మాట ఎటు తిరిగి అక్కడికి చేరిందో గానీ చేరింది. కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తే ఫిరంగి. తడి కాంక్రీటును అచ్చులో పోస్తే స్లాబు. ఈ రెండో అచ్చును మనవాళ్ళు సెంట్రింగ్ అంటారు, దానికి ఇంకో మాట వాడినవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు.

ఆ మాట కథ బాగుంటుంది. రాతితోనో ఇటుకతోనో కమాను కట్టేటప్పుడు, చివరి రాయి నెత్తిన కూర్చునేదాకా కమాను నిలబడలేదు. రెండు పక్కల నుంచీ వచ్చే రాళ్ళు మధ్యలో ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే దానికి బలం. అప్పటిదాకా మోయడానికి కింద అర్ధచంద్రాకారంలో ఒక కర్రచట్రం కట్టేవారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని సెంటరింగ్ అన్నారు, కమాను కేంద్రాన్ని పట్టి గుండ్రం గీసుకుని చేసేది కాబట్టి. మన ఇళ్ళల్లో కమానులు పోయాయి, పైకప్పు బల్లపరుపైంది, కేంద్రం అన్నదే లేదు. అయినా కింద కర్రలు పెడితే సెంట్రింగే.

దాని మీద పడే బరువు సంగతి ఇల్లు కట్టించేవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. ఘనపు మీటరు తడి కాంక్రీటు సుమారు 2,400 కిలోలు. 5 అంగుళాల స్లాబంటే చదరపు మీటరుకు 300 కిలోలు. వెయ్యి చదరపు అడుగుల స్లాబైతే దాదాపు 28 టన్నులు, అదీ ఒక్క పూటలో, ఇంకా తన కాళ్ళ మీద తాను నిలబడలేని స్థితిలో. మోసేది సరివి కర్రలూ ఇనుప జాకీలూ. అందుకే వాటిని ఎప్పుడు తీయాలన్నదానికి కూడా లెక్కుంది. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పున్న స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14. అద్దె సెంట్రింగ్ సామాను వేరే చోటికి పోవాలని తొందరపెట్టే మనిషి ప్రతి పనిచోటా ఒకడుంటాడు. ఆయనకు మీరు చెప్పాల్సింది ఈ రెండు అంకెలే.

కమాను గురించి ఇంకొక్క మాట. రాయి నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. 1591 నాటి చార్మినార్ కమానులు ఇప్పటికీ నిలబడింది రాళ్ళన్నీ నొక్కుడులోనే ఉన్నాయి కాబట్టి. కాంక్రీటూ రాయి జాతే, లాగుడులో దాని బలం నొక్కుడులో ఉన్నదానికి పదో వంతు. బల్లపరుపు స్లాబు మీద మనం నిలబడితే మధ్యలో పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. ఆ సాగే చోట ఇనుప చువ్వలు ఉండాలి. గోడ మీద, బీమ్ మీద ఆనిన చోట ఇది తలకిందులవుతుంది, అక్కడ చువ్వ పైకి రావాలి. అలా పైకి నిలబెట్టడానికి వంచి పెట్టే ఇనుప ముక్కల్ని కుర్చీలంటారు. స్లాబు పోసే హడావుడిలో కూలీలు తొక్కి ఆ కుర్చీల్ని కూలగొడితే, చువ్వ ఉండీ లేనట్టే. కింద పెట్టే సిమెంటు బిళ్ళలు కవరు బిళ్ళలు. స్లాబులో 20 మిల్లీమీటర్లు, స్తంభంలో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు చువ్వను కప్పి ఉంచడానికి. గాలీ తేమా తగిలితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బితే పెచ్చులూడతాయి. ఆబిడ్స్‌లో పాత వాణిజ్య భవనాల బాల్కనీల కింద తల పైకెత్తి చూస్తే ఎర్రగా తేలిన చువ్వలు కనబడతాయి. కవరు బిళ్ళ పెట్టని పూట అక్కడ రాసి ఉంది.

చువ్వ లావును షాపులో 8, 10, 12 అని మిల్లీమీటర్లలో చెబుతారు. చువ్వలు వంచేవాళ్ళు సూతుల్లో చెబుతారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూతు. 10 మిల్లీమీటర్ల చువ్వ మూడు సూతులు, 12 నాలుగు, 16 ఐదు. సూతు అన్నా దారమే. బరువుకు వాళ్ళ దగ్గర ఒక చిట్కా ఉంది: లావును అదే అంకెతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12ను 12తో గుణిస్తే 144, దాన్ని 162తో భాగిస్తే 0.89 కిలో. లారీ దించేటప్పుడు ఈ ఒక్క లెక్క దగ్గరుంటే తూకంలో మోసం జరగదు.

సున్నం సంగతి చెప్పకపోతే నాంపల్లి, ఆబిడ్స్ పాత గోడలు ఒప్పుకోవు. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి మెత్తనవుతుంది. గోడకు పూసింతర్వాత గాలిలోంచి అదే వాయువును మెల్లమెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. సున్నానికి గాలి కావాలి, సిమెంటుకు నీళ్ళు కావాలి. ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో రాతిచక్రం కింద నూరితే డంగు సున్నం. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లమూ పోసేవారు. అది విని సిమెంటులోనూ బెల్లం కలిపితే బలమొస్తుందేమోనని నాతో అన్నవాళ్ళున్నారు. దయచేసి వద్దు. చక్కెర రవ్వంత కలిసినా సిమెంటు బిగుసుకోవడం గంటల కొద్దీ వాయిదా పడుతుంది.

సిమెంటు కూడా పుట్టుకకు సున్నపురాయే. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు తీసుకున్నప్పుడు, బిగిసిన ముద్ద పోర్ట్‌ల్యాండ్ రాయిలా ఉందని ఆ పేరు పెట్టాడు. మన దగ్గర సున్నపురాయికే తాండూరు, షాబాద్ అని ఊళ్ళ పేర్లున్నాయి. హైదరాబాద్ పాత ఇళ్ళల్లో కాళ్ళ కింద చల్లగా తగిలే నాపరాయి, గోడలోని సిమెంటు ఒకే ఇంటి పిల్లలు. ఒకదాన్ని కోసి పరిచారు, ఇంకోదాన్ని కాల్చి పొడి చేశారు.

మాట తెలియకపోతే డబ్బులు పోయే చోట్లు కూడా ఉన్నాయి. బేస్‌మెంట్ అనగానే అపార్టుమెంటులో పెరిగినవాళ్ళకు భూమి కింద కార్లు పెట్టే చోటు గుర్తొస్తుంది. మేస్త్రీ భాషలో దాన్ని సెల్లార్ అంటారు, బేస్‌మెంట్ అంటే నేల మీద లేచిన పీఠం. ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షల సాయంలో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాక ఇస్తారన్నప్పుడు ప్రభుత్వం మాట్లాడింది మేస్త్రీ భాషే. అంకణం ఇంకో తమాషా. దూలానికీ దూలానికీ మధ్య ఖాళీకి పేరది. కప్పు కప్పే లెక్క నేల కొలిచే లెక్కగా మారింది. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఒకే మాట, సగానికి సగం తేడా. హైదరాబాదులో ఈ గొడవ లేదు, ఇక్కడ గజాలు. ఇక్కడి గొడవ వేరు: సూపర్ బిల్టప్. మెట్లూ లిఫ్టూ వసారాలో మీ వంతూ అన్నీ కలిపి చెప్పే అంకె అది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చింది: లోపల వాడుకునే నేల, లోపలి అడ్డుగోడల మందంతో సహా. బయటి గోడలు, బాల్కనీ, విడి టెర్రస్ అందులోకి రావు. ఫ్లాటు చూడబోయినప్పుడు అడగాల్సిన అంకె అదొక్కటే.

ఈ మాటలన్నీ ఎవరు దాచిపెట్టాలి? బషీర్‌బాగ్ చుట్టూనే దీనికి రెండు ప్రయత్నాలు జరిగాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది ఇక్కడే, నిజాం కాలేజీ పక్కన. శాస్త్రాలన్నీ ఉర్దూలో చెప్పాలని దానికంటే ముందే, 1917లో, ఒక అనువాద సంస్థను పెట్టారు. పండితులు కూర్చుని వేల పారిభాషిక పదాలు తయారుచేశారు. రెండోది దానికి తిరగబడిన దారి. సైఫాబాద్ కళాభవన్ చిరునామాతో ఎన్నో పుస్తకాలు అచ్చేసిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, మాండలిక వృత్తి పదకోశాలు వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలు తెస్తే, బూదరాజు రాధాకృష్ణ 1968లో వాస్తు పదాల సంపుటం తెచ్చారు. వాస్తు అంటే ఇక్కడ ఈశాన్యం, నైరుతి కాదు. ఇల్లు కట్టే పనివాళ్ళ నోట, జిల్లా జిల్లాకూ మారుతూ వినిపించిన మాటలు. పదాలు పుట్టించడం కాదు, ఏరుకురావడం.

నాకు రెండో దారే నచ్చుతుంది, అయినా మొదటివాళ్ళను తీసిపారేయలేను. తరగతి గదికి వాళ్ళ పని అవసరం. కానీ పనిచోట ఏ మాట బతకాలో నిర్ణయించేది బరువు మోసేవాడు. కాంక్రీటు కలిపే యంత్రాన్ని మిక్సర్ అని ఎవరూ అనలేదు, మిల్లర్ అన్నారు. ఏ కమిటీ పెట్టిన పేరది?

గది పూర్తయ్యాక నేల బండలు పరచడానికి ఒక కుర్రాడొచ్చాడు. మూడు కాళ్ళ మీద చిన్న పెట్టె నిలబెట్టి మీట నొక్కితే, గోడ చుట్టూ ఎర్రటి వెలుగు గీత పడింది. లేజరు. తూకంగుండు, నీళ్ళ గొట్టం, వరస దారం మూడూ అందులోనే. పెద్దాయన గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. జేబులోంచి దారం తీసి, ఒక కొస నాకిచ్చి, ఆ ఎర్రగీత వెంబడి రెండో గోడ దాకా లాగి బిగించాడు. వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"సూతు తేడా ఉంది" అన్నాడు.

కుర్రాడు లేచి పెట్టె కాళ్ళు సరిచేశాడు.